రెండో రోకలి

మేడ్చల్ చలి వేరండీ. సికింద్రాబాద్‌లో స్వెటర్ ఎందుకులే అని 229 బస్సెక్కినవాళ్ళు కొంపల్లి దాటేసరికి చేతులు చంకల్లో పెట్టుకుంటారు. కండ్లకోయ వచ్చేసరికి కిటికీ అద్దం ఎవరు తెరిచారని పక్కవాళ్ళ మీద విసుక్కుంటారు. అందుకే డిసెంబరు వచ్చిందంటే మా వీధిలో రాత్రి ఎనిమిదింటికి చలిమంట పడాల్సిందే. కందికట్టె దొరికితే కందికట్టె, లేకపోతే కూరగాయల కొట్టువాడి విరిగిన పెట్టెలు. దగ్గరికి జరగండి. పొగ మీ మొహానికే కొడితే ఇటు వచ్చి కూచోండి, దానికి చుట్టమూ పక్కమూ తెలియదు.

నిన్న రాత్రి ఇక్కడే ఓ ప్రశ్న పుట్టింది. ఎదురింటి కుర్రాడు ఇంజనీరింగ్ మూడో ఏడు, క్విజ్ పిచ్చోడు. ఫోను జేబులో పెట్టేసి అడిగాడు: సానియా మీర్జా మొట్టమొదటి డబ్ల్యూటీఏ టైటిల్ ఎక్కడ, ఎప్పుడు? హైదరాబాద్, 2005 అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఊరు సరే, ఏడాది తప్పు, 2004 అన్నాను నేను. వాడు ఫోను మళ్ళీ తీశాడు. వెతికాడు. కాసేపు పలకలేదు. తరవాత నవ్వేసి, "అది డబుల్స్ కదా ఆంటీ!" అన్నాడు.

ఆ "కదా" ఉంది చూశారూ, అదే నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. అందుకే ఇవాళ మిమ్మల్ని పట్టుకున్నాను.

సంగతి మొదటినుంచీ చెబుతాను. 2003 నుంచి 2005 దాకా, మూడేళ్ళు వరసగా ఫిబ్రవరి నెలలో, హైదరాబాద్‌కి ప్రపంచ మహిళా టెన్నిస్, అంటే డబ్ల్యూటీఏ పోటీ, వచ్చేది. ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్ అని పేరు. లాల్ బహదూర్ స్టేడియం దగ్గరి టెన్నిస్ కోర్టుల్లో ఆట. పాతవాళ్ళకి అది ఫతే మైదాన్; 1967లో శాస్త్రిగారి పేరు పెట్టినా మా నాన్న పోయేదాకా ఫతే మైదానే అన్నాడు. టోర్నమెంటు ఏమంత పెద్దది కాదు. టయర్ ఫోర్ అనేవాళ్ళు, అంటే కింది మెట్లలో ఒకటి. ప్రపంచంలో మొదటి పది మంది ఇటు తొంగి చూసే అవకాశం తక్కువ. మొదటి ఏడు సింగిల్స్ థాయిలాండ్ అమ్మాయి తమరీన్ తనసుగార్న్ గెలిచింది. డబుల్స్ రష్యా లిఖోవ్‌త్సేవా, ఉజ్బెకిస్తాన్ తుల్యగనోవా కలిసి గెలిచారు. మా మేడ్చల్‌కి ఈ పేర్లేవీ అందలేదు. ఆ ఏడు ద్రాక్ష ధర ఎంత అన్నదే మాకు వార్త. అప్పటికింకా ఇటు మేడ్చల్ నుంచి అటు శామీర్‌పేట దాకా ద్రాక్షపందిళ్ళు కొన్ని మిగిలే ఉన్నాయి. తరవాత అవన్నీ ప్లాట్లయిపోయాయి, ఆ ఏడుపు ఇంకో రాత్రికి దాచుకుందాం.

రెండో ఏడు కథ మారింది. అంతకుముందు, 2003 చివర్లో, హైదరాబాద్‌లోనే ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగాయి. సానియా నాలుగు బంగారు పతకాలు పట్టుకుపోయింది. దానికి ముందు, వేసవిలో, వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచొచ్చింది, అలీసా క్లెబనోవా అనే రష్యా పిల్లతో జతకట్టి. ఇంకేముంది, మా అన్న కూతురికి పూనకం. దానికప్పుడు పన్నెండేళ్ళు. బ్యాడ్మింటన్ బ్యాటుతో గోడకి రబ్బరు బంతి కొడుతూ ఇంటి సున్నం రాల్చేది.

2004 ఫిబ్రవరిలో సానియాకి సింగిల్స్‌లో వైల్డ్‌కార్డు ఇచ్చారు. తొలి రౌండులోనే ఆస్ట్రేలియా నికోల్ ప్రాట్ ఎదురైంది. మూడు సెట్లదాకా లాగి ఓడిపోయింది. (ఆ ప్రాటే చివరికి టైటిల్ కూడా గెలిచింది, కాబట్టి మనమ్మాయి ఓడింది తక్కువ మనిషికేం కాదు.) నాకు హాయిగా అనిపించింది, నిజం చెప్పొద్దూ. ముప్ఫై కిలోమీటర్ల ప్రయాణం తప్పిందనుకున్నాను.

"ఇంకెందుకే, ఆ పిల్ల ఓడిపాయె గద."

"ఓడింది సింగిల్స్ల అత్తమ్మా. డబుల్స్ ఉన్నది."

మేనకోడలితో వాదించి గెలిచిన మేనత్తలు మీ ఇంట్లో ఉంటే చెప్పండి, దండం పెడతాను. సంచిలో మంచినీళ్ళ సీసా, పావుకిలో ద్రాక్ష, నాలుగు సర్వపిండి ముక్కలు సర్దుకుని 229 ఎక్కాం. సికింద్రాబాద్‌లో ఇంకో బస్సు. బషీర్‌బాగ్‌లో దిగి నడక.

ఆట నాకు ఏమీ తెలియదు. పదిహేను, ముప్ఫై తరవాత నలభై అయిదు రావాలి కదా, నలభై ఎందుకొచ్చిందో కూడా తెలియదు. ఎదుట నలుగురు ఆడవాళ్ళు. ఒకామె బంతి వేయబోతోంది. ఆమె జతగత్తె నెట్ దగ్గర కాస్త వంగి, వీపు మనవైపు పెట్టి నిలబడింది. ఒక చెయ్యి వెనక్కి పెట్టి వేళ్ళు ఆడిస్తోంది. వీపు దురద కాబోలు, పాపం రెండు చేతుల్లో ఒకదానికి బ్యాటుంటే ఎలా గోక్కుంటుంది అని జాలిపడ్డాను. మేనకోడలు నెత్తి కొట్టుకుంది. అది సైగ అట. పిడికిలి మూస్తే ఉన్నచోటే ఉంటాను, అరచెయ్యి తెరిస్తే అటు దూకుతాను. ఒక్కో జంటకి ఒక్కో లెక్క. అవతలివాళ్ళకి కనపడకుండా వెనకనున్న తన మనిషికి చెబుతోందన్నమాట. చెప్పాక ఆమె ఏం చేస్తుందంటే, బంతి ఇంకా అవతలి బ్యాటుకి తగలకముందే కదులుతుంది. ఒక్కోసారి బంతి ఆమె దరిదాపులకి కూడా రాదు. ఆమె కదలిక చూసి అవతలామె బెదిరి బయటికి కొట్టేస్తుంది. పాయింటు మాత్రం స్కోరుబోర్డు మీద పడుతుంది, ఎవరివల్ల వచ్చిందో బోర్డుకేం తెలుసు?

సర్వీసు కూడా అంతే. మధ్య గీత వైపు పడేటట్టు వేస్తే, అవతలామెకి పక్కలకి లాగి కొట్టే వాటం దొరకదు. బంతి వచ్చి వచ్చి నెట్ దగ్గరున్నామె చేతికందే దారిలోనే వస్తుంది. ఆమె ఠప్పున వాల్చేస్తుంది. చప్పట్లన్నీ వాల్చినామెకి. వెనకనుంచి ఆ దారి వేసిపెట్టినామె బంతులమ్మాయి దగ్గర ఇంకో బంతి అడుగుతూ ఉంటుంది.

ఇక్కడ మా మేడ్చల్ లెక్క ఒకటి చెప్పాలి. మాకు అడుగులు, మీటర్లు ఎక్కవు, అంతా గజాలే. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్‌కి వెడల్పు 27 అడుగులు, అంటే 234 గజాలు. డబుల్స్‌కి అటో నాలుగున్నర, ఇటో నాలుగున్నర కలిపి 36 అడుగులు చేస్తారు. 312 గజాలు. అంటే రెండో మనిషి వచ్చినందుకు కలిసొచ్చిన స్థలం 78 గజాలు. మా దగ్గర 78 గజాలంటే మాటలా? దానికోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు, ఆ కోర్టు వేరనుకోండి. ఇక అసలు గొడవ ఎక్కడంటే గట్టు మీద. ఇద్దరి మధ్య పడిన బంతి ఎవరిది? నీదే అనుకుంటుంది ఈమె, నీదే అనుకుంటుంది ఆమె. బంతి ఇద్దరి మధ్యనుంచి పెళ్ళికొడుకులా దర్జాగా వెళ్ళిపోతుంది. లేదంటే ఇద్దరూ ఒకేసారి నాది అనుకుంటారు, బ్యాట్లు రెండూ ఠకీమని తగులుకుంటాయి.

ఆ ఠకీమన్న చప్పుడు వినగానే నాకు మా ఇంటి రోలు గుర్తొచ్చింది.

మా అమ్మా, మా చిన్నమ్మా యారాండ్లు. కృష్ణా, గుంటూరు వైపు తోటికోడళ్ళంటారు. ఇద్దరికీ పడేది కాదు. ఎంత పడేది కాదంటే, ఒకామె వేసిన ముగ్గు మీంచి రెండో ఆమె నడిచేది కాదు, పక్కనుంచి తిరిగి పోయేది. మర్యాదా, కోపమా అన్నది ఇప్పటికీ మాకు తేలలేదు. కానీ ఎండాకాలం మిరపకాయలు దంచే రోజొస్తే ఒకే రోట్లో రెండు రోకళ్ళు. అమ్మ రోకలి కిందికొస్తుంటే చిన్నమ్మది పైకి లేస్తుంది. "హుస్" అని ఈమె, "హుస్" అని ఆమె. మధ్యలో ఎగిరి పక్కకి పడ్డ మిరపతునకల్ని ఒకామె ఎడమచేత్తో రోట్లోకి తోస్తుంది, రెండో రోకలి దిగే లోపల చెయ్యి తీసేస్తుంది. ఒక్క మాట ఉండదు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పిల్లలం ముక్కులు మూసుకుని, తుమ్ముతూ, ఎప్పుడు ఎవరి వేలు నలుగుతుందా అని చూసేవాళ్ళం. ఒక్కసారి కూడా నలగలేదు. ఒక్కసారి రోకళ్ళు తగిలాయి, అది చిన్నమ్మ పుట్టింటినుంచి ఉత్తరం వచ్చిన రోజు.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. కత్తులు ఇమడవేమో. రోట్లో రోకళ్ళు ఇమిడాయి, నేను చూశాను.

సరే, స్టేడియానికి వద్దాం. రెండో సెట్టు నడుస్తుండగా నేను గడియారం చూశాను. తప్పు నాదే. సికింద్రాబాద్‌లో ఆఖరి బస్సు తప్పితే అన్న ఏమంటాడో తెలుసు. పిల్లని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. అది కొంపల్లి దాకా మాట్లాడలేదు. ఫైనల్‌కి మళ్ళీ తీసుకెళ్తానని మాట ఇచ్చి, తీసుకెళ్ళలేదు కూడా. ఫైనల్ అయిన మర్నాడు పేపర్లో చూశాం: సానియా, లీజెల్ హ్యూబర్ జంట చైనా వాళ్ళు లి తింగ్, సున్ తియాన్‌తియాన్‌ని 7-6, 6-4తో ఓడించింది. సానియాకి పదిహేడేళ్ళు. భారతదేశపు ఆడపిల్ల డబ్ల్యూటీఏ టైటిల్ ఒకటి గెలవడం అదే మొదలు. ఆ పేపరు ముక్క మేనకోడలు కత్తిరించి సైన్స్ నోట్సులో పెట్టుకుంది. నాతో మాత్రం నాలుగు రోజులు ఎడమొహమే.

ఇప్పుడా ఫైనల్లో ఎవరెవరున్నారో చూడండి. లి తింగ్, సున్ తియాన్‌తియాన్ ఆరు నెలలు తిరిగేసరికి ఏథెన్స్ ఒలింపిక్స్‌లో డబుల్స్ బంగారం గెలిచారు. టెన్నిస్‌లో చైనాకి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. హ్యూబర్ 2007లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. సానియా 2015 ఏప్రిల్‌లో అయింది. నలుగురూ నలుగురే! ఫతే మైదాన్‌లో అంతటి ఆట ఇంకొకటి జరిగిందా? నేను మాత్రం ఇంట్లో కందిపప్పు ఏరుకుంటూ కూచున్నాను.

2005 సంగతి మీకందరికీ తెలుసు, ఎదురింటి కుర్రాడికీ తెలుసు. ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండారెంకోని 6-4, 5-7, 6-3తో ఓడించి సానియా సింగిల్స్ గెలిచింది. మా వీధిలో టపాకాయలు కాల్చారు. టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ చెప్పులు గుమ్మం బయటికి పొర్లాయి. ఆ సంబరాన్ని నేనేం తక్కువ చేయడం లేదు, నేనూ అరిచాను. కానీ ఆ ఏడు డబుల్స్ ఎవరు గెలిచారో వీధిలో ఒక్కరినడగండి. యాన్ జి, జెంగ్ జీ. వీళ్ళూ చైనావాళ్ళే, ఫైనల్లో ఓడించింది ఆ ఒలింపిక్ జంటనే. ఆ మరుసటి ఏడే, 2006లో, యాన్ జి, జెంగ్ జీ ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలిచారు. ద్రాక్షతోటలో కాపు ఎక్కడుందో పందిరి కిందికి వంగి చూస్తేగానీ తెలియదు. రోడ్డు మీద పోయేవాడికి ఆకులే కనిపిస్తాయి.

అంతే, 2006కి మనకి టోర్నమెంటే లేదు. బెంగుళూరుకి వెళ్ళిపోయింది. అక్కడ డబుల్స్ గెలిచింది ఎవరనుకుంటున్నారు? మళ్ళీ హ్యూబర్, సానియా.

ఆ తరవాతి సానియా కథ పేపర్లలో చదివిందే కాబట్టి గబగబా దాటేద్దాం. సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్ళింది, మణికట్టు మొరాయించింది, శస్త్రచికిత్స అయింది, 2013లో సింగిల్స్ మానేసింది. "అయ్యో, ఇంక డబుల్సేనట" అని మా వీధి నిట్టూర్చింది. వరండా గదిలోకి మారిన పెద్దమనిషిని చూసినట్టు చూశారు. ఆ వరండా గదిలోంచే ఆమె ప్రపంచాన్ని ఏలింది. మార్టినా హింగిస్‌తో కలిసి 2015 వింబుల్డన్ ఫైనల్‌లో మూడో సెట్టు 2-5 వెనకబడి, అక్కడినుంచి లాక్కొచ్చి 7-5తో గెలిచింది. ఆ ఏడే యూఎస్ ఓపెన్, 2016 మొదట్లో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచుల్లో ఓటమి లేదు. సానియా ఫోర్‌హ్యాండ్ దెబ్బ, హింగిస్ నెట్ దగ్గరి చమత్కారం. రెండు రోకళ్ళు, ఒకటే రోలు.

అంత గెలుస్తూ 2016 ఆగస్టులో ఇద్దరూ విడిపోయారు. నాకప్పుడు కోపమొచ్చింది. నంబర్ వన్ స్థానంలో ఉండి విడిపోవడమేంటి, ఏం తక్కువైందని? మా అమ్మకి చెప్పాను. అమ్మ వత్తులు చేసుకుంటోంది.

"మల్లెప్పుడు కల్సిన్రు?" అంది.

"కలవలేదమ్మా. విడిపోయారు అంటున్నా."

"కలుస్తరు. పని పడితె కలుస్తరు."

అమ్మా వాళ్ళూ వేరుపడ్డ సంగతి నాకప్పుడు తట్టింది. రెండు పొయ్యిలు, రెండు తలుపులు, మధ్యలో గోడ. ఆ ఏడు ఎండాకాలం మిరపకాయలు ఎండాక చిన్నమ్మ తన రోకలి భుజాన వేసుకుని గోడ చుట్టూ తిరిగి మా పెరట్లోకి వచ్చింది. అమ్మ ఏమీ అనకుండా రోలు కడిగింది.

అదే 2016 అక్టోబరులో సింగపూర్‌లో ఏడాది చివరి పోటీలు. సానియా, హింగిస్ మళ్ళీ జతకట్టి దిగారు. సెమీఫైనల్లో ఓడిపోయారు, అది వేరే మాట. అమ్మకి చెబితే ఆశ్చర్యపోలేదు. "గా పిల్లలకు తెలివున్నది" అని మాత్రం అంది.

నా మేనకోడలు ఇప్పుడు శామీర్‌పేట దగ్గర ఉంటోంది, చెరువు దాటాక కట్టిన ఇళ్ళలో. సికింద్రాబాద్ వైపునుంచి దాని ఇంటికి పోవాలంటే హకీంపేట క్రీడా పాఠశాల మీంచి పోవాలి. పొద్దున పూట రాజీవ్ రహదారి మీద ఆటో దిగి నిలబడితే, ట్రాక్‌సూట్లలో పోయే పిల్లల్ని చూసి నా మోకాళ్ళ నొప్పి కూడా సిగ్గుపడుతుంది. మేనకోడలు టెన్నిస్ క్రీడాకారిణి కాలేదు. బ్యాంకులో చేస్తోంది. కానీ ఆదివారం పొద్దున నలుగురు ఆడవాళ్ళు కలిసి వాళ్ళ కాలనీ కోర్టులో డబుల్స్ ఆడతారు. 2025 ఏప్రిల్‌లో మన హైదరాబాద్ పిల్ల శ్రీవల్లి రష్మిక పుణేలో బిల్లీ జీన్ కింగ్ కప్‌లో ఆడిన అయిదు సింగిల్సూ గెలిచినప్పుడు వాళ్ళు కోర్టులోనే లడ్లు పంచుకున్నారు. పంచుకున్నాక మళ్ళీ డబుల్సే ఆడారు. నలుగురున్నప్పుడు ఇద్దరు కూచుని చూడ్డమెందుకని.

మొన్న ఆదివారం అమ్మని కూడా తీసుకెళ్ళాం. ఎనభై అయిదేళ్ళు. శాలువా కప్పి, నెట్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూచోబెట్టాం. ఆట మొదలైన పావుగంటకి, "నడుమ పడ్డదాన్ని ఇద్దరూ సూస్తున్నరు, ఎవ్వలూ తీస్తలేరు" అని గట్టిగా అంది. మేనకోడలు జతగత్తె పకపకా నవ్వింది. ఆ తరవాతినుంచి బంతి మధ్యకొచ్చినప్పుడల్లా ఒకరు "నాది!" అని అరవడం మొదలుపెట్టారు.

ఆట అయ్యాక మేనకోడలు వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూచుంది. నీలం రంగు వేసిన ఆ గచ్చుని అమ్మ కాలివేలితో గీరి చూస్తోంది. "నానమ్మా, ఇప్పుడు ఇట్లా ఉన్నయి గానీ, సానియా చిన్నప్పుడు పేడతోని అలికిన కోర్టుల మీద నేర్చుకున్నదంట. ఆమెనే చెప్పింది" అంది.

అమ్మ గీరడం ఆపింది.

"ఇంత పెద్ద జాగనా?"

"అవును."

అమ్మ ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది, గజాలు కొలుస్తున్నట్టు. 312 గజాలు, గీతల లోపలివే. వాకిలి అలికిన చేతులు కదా, ఎన్ని తట్టల పేడ, ఎన్ని బిందెల నీళ్ళు, పొద్దు ఎక్కకముందు ఎండాలంటే ఎన్నింటికి లేవాలి అని లోపల లెక్క నడుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.

"అలికిందెవరంట?" అంది.